కొయ్యని కడుపుకు పట్టీ

ముప్పై ఏడేండ్ల నౌకరీల నేను ఒకే ఒక్కసారి దొంగ పట్టీ వేసిన. కోత లేదు, కుట్టు లేదు, చీమ కుట్టిన గుర్తు సుత లేదు. అసొంటి కడుపు మీద దూది పెట్టి, ప్లాస్టర్ అంటించి, "దగ్గొస్తె చెయ్యి అడ్డం పెట్టుకో బిడ్డా, నొస్తున్నట్టుండాలె" అని నేనే నేర్పిన. రిటైరైనంక గూడ ఈ ముచ్చట ఎవలకు చెప్పలే. ఇప్పుడు ధైర్యం చేసి చెప్తాన. కొత్తగ నర్సు డ్యూటీల చేరిన పిల్లలు మీరు నవ్వుకుంటె నవ్వుకోండ్రి గని, సగం విని లేచిపోకుండ్రి.

మీ చేతులల్ల ట్యాబులున్నయ్. మాకు రిజిస్టర్లుండేవి, చంకల పెట్టుకుంటె భుజం పడిపోయేది. ఇల్లిల్లు తిరుగుడు, కడుపుతోటున్నోళ్ళను రాసుకునుడు, పిల్లలకు సూదులేసుడు, పిల్లలు చాలనుకున్నోళ్ళను ఆపరేషన్‌కు ఒప్పిచ్చుడు. మా నోట్ల ఆపరేషన్ అంటె ఆడోళ్ళ ఆపరేషనే. మొగోళ్ళకు గూడ ఒకటి ఉంటదని ట్రెయినింగ్‌ల చెప్పిన్రు, పరీక్షల రాసినం, పాసైనం, ఆడ్నే మర్చిపోయినం.

అట్లని సర్కారును అనేదానికి లేదు. మొగోళ్ళకు చెప్పుమని ఒక మొగాయనను గూడ ఇచ్చింది. మా సెంటర్ల మేల్ హెల్త్ అసిస్టెంట్, నాకంటె పదిహేనేండ్లు చిన్నోడు, నన్ను అక్కా అనెటోడు. మలేరియా రక్తం తియ్యాలంటె జరం వచ్చినోని కంటె ముందు ఈయననే ఇంటి ముంగట నిలవడేది. దోమల మందు కొట్టుడు, నల్లా నీళ్ళు చూసుడు, మీటింగుల మైకు పట్టుడు, అన్నింట్ల ఫస్టు. ఈ ఒక్క ముచ్చట వస్తె మాత్రం గోడ దిక్కు తిరిగెటోడు.

"అక్కా, నేనూ మొగోన్నే, ఇంకో మొగోనికి ఎట్ల చెప్త?"

"నేను ఆడిదాన్ని, నేనెట్ల చెప్తరా?"

"నువ్వు నర్సువు గదక్కా."

గిట్ల ఒకరి మీదికి ఒకరం నూకుకుంట, ఎవ్వలికి చెప్పకుంట డ్యూటీ చేసుకుంట వచ్చినం. పై ఆఫీసరు "మొగోళ్ళవి ఎన్ని?" అని అడిగితె ఇద్దరం కలిసి నేల చూసేది.

నేను రిటైరయ్యే నాలుగేండ్ల ముందటి సంగతి ఇది. ఏటూరునాగారం అడవి పల్లెలల్ల చాన ఏండ్లు తిరిగి, ఆఖరుకు కాశిబుగ్గకు బదిలీ వేయించుకున్న. నౌకరీ షురూ చేసిన కొత్తల్ల గూడ ఆ గల్లీలనే తిరిగిన. ఇండ్లు డాబాలైనయ్ గని, జంపఖానలు నేసే మగ్గాల సప్పుడు అక్కడక్కడ ఇంక ఉండె. అసొంటి ఒక ఇంట్ల ఆలుమగలు, ముగ్గురు పిల్లలు, అత్త. మామ పోయి ఏండ్లాయె. కొడుకు గుంట మగ్గం నేస్తడు, అంటె గుంటల కాళ్ళు పెట్టి కూసోని, పొద్దంత కాళ్ళతోటి పలకలు తొక్కుకుంట నేసుడు. కోడలు నూలు కండెలు చుడుతది, పిల్లలను చూస్తది, వంట చేస్తది. అత్త అందరి మీద ఒర్లుతది.

ఆ కోడలు పిల్లకు గుండె వాల్వు ఖరాబున్నది. మూడో కాన్పప్పుడే ఊపిరి ఆడక పెద్ద దవాఖాన్ల వారం రోజులు చావుకు బతుక్కు నడుమ ఉన్నది. మా డాక్టరమ్మ నన్ను పిలిచి ఖరాఖండిగ చెప్పింది, "ఇంకోసారి కడుపొస్తె ఈ పిల్ల మనకు దక్కది. లూప్ పడ్తలేదు, రెండుసార్లు తీసేసినం. కడుపు కోసి ఆపరేషన్ చేద్దామంటె ఆ గుండెకు మత్తు ఇచ్చుడే గండం. ఆయనకు చేయించుడే దారి. మీ ఇద్దరిల ఎవరు మాట్లాడ్తరో మాట్లాడండి."

నేను మా మేల్ అసిస్టెంట్ దిక్కు చూసిన. ఆయన ఫ్యాను దిక్కు చూసిండు.

ఇగ నేనే పోయిన. కొడుకు మగ్గం మీద ఉన్నడు, అత్త దర్వాజల కూసున్నది. సుట్టు తిప్పి సుట్టు తిప్పి ముచ్చట తెచ్చిన. అర్థమయ్యేదాక ఆమె మంచిగనే విన్నది. అర్థమైనంక లేచి నిలవడ్డది.

"నా కొడుక్కా? మొగపిలగానికి కోత పెడ్తరా? వాడు పొద్దంత మగ్గం తొక్కాలె. నడుం పడిపోతె నువ్వొచ్చి తొక్కుతవా? లోకంల ఆడోళ్ళందరు చేయించుకుంటలేరా? దీని గుండెనే బంగారందా?"

కోడలు లోపట తల వంచుకోని కండె చుడుతాంది. మగ్గం సప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళ షురువయింది. నేను నా రిజిస్టరు పట్టుకోని బయటికి వచ్చిన, సిగ్గుపోయింది పో అనుకున్న.

నాలుగు రోజులైనంక ఆ కొడుకే సెంటర్‌కు వచ్చిండు. వచ్చుడు వచ్చుడే మా మేల్ అసిస్టెంట్ దగ్గరికి పోయి, "సార్, చలి జరమొస్తాంది, మలేరియా టెస్టు చెయ్యండ్రి" అన్నడు. మావోనికి పండుగ. వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం రాసి, పేరు రాసుకున్నడు. అటెనుక ఆ పిలగాడు వేలు నోట్ల పెట్టుకోని, ఇటు చూసి అటు చూసి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడం, జరం లేదు, గిరం లేదు. నేను చేయించుకుంట" అన్నడు.

మావోని చేతిల గాజు పలక అట్లనే ఉన్నది.

"ఆమె లేకుంట నేనెట్ల ఉంట మేడం?" అన్నడు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ పిలగానికి. "గని మా అమ్మకు తెల్వద్దు. గల్లీల అసలే తెల్వద్దు. నన్ను బతకనియ్యరు. ఆమెకే చేసిన్రని చెప్పుదాం."

నేను అప్పుడు "వద్దు బిడ్డా, నిజం చెప్పి చేద్దాం, మీ అమ్మను నేను ఒప్పిస్త" అనాలె. అన్లే. మళ్ళ ఆ అత్త నోట్ల పడుడు ఎందుకని భయపడ్డ. సరే అన్న. నా తప్పు ఆడ్నే షురువయింది.

కోడలును పిలిపిచ్చి చెప్తె ఆమె మొదలు ఒప్పుకోలే. "నేనెందుకు దొంగ నొప్పులు పడాలె? నాకు రాదు" అన్నది.

"ఏం లేదు బిడ్డా, వారం రోజులు మంచం మీద పండుకోవాలె, గంతే."

"వారమా!" అన్నది. "పగటీలి గూడనా?"

"పగటీలి గూడ."

"వంట?"

"చెయ్యొద్దు."

"కండెలు?"

"ముట్టద్దు."

"అయితె సరే నర్సమ్మా, నేర్చుకుంట" అన్నది.

ఆపరేషన్ల క్యాంపు రోజు ఇద్దరిని దవాఖానకు తీస్కపోయిన. కాయితం మీద ఆయన సంతకం పెట్టి, "మా ఇంటామె సంతకం ఏడ పెట్టాలె?" అని అడిగిండు. అక్కర్లేదన్నది డాక్టరమ్మ. "మరి ఆమెకు లూప్ వేసిననాడు నన్ను తోల్కరాకుంటె వెయ్యం అంటిరి గద?" అన్నడు. ఆ పిలగాడు వెటకారానికి అడగలే, నిజంగనే అడిగిండు. డాక్టరమ్మ నా దిక్కు చూసింది. మొగడు రావాలెనని ఏ రూల్ల లేదు పిల్లలూ, మాకు మేమే పెట్టుకున్న అలవాటు. నేను కాయితాలు సదురుకుంట కూసున్న.

లోపట ధైర్యం చెప్పనీకి మా మేల్ అసిస్టెంట్‌ను పంపిన. పిలగాడు బల్ల మీద పండుకోని మగ్గం ముచ్చట్లు చెప్పుకుంటనే చేయించుకున్నడు. చిన్న సూది మత్తు, చిన్న రంధ్రం, కుట్టు లేదు, పావుగంటల అయిపోయింది. మావోడు మాత్రం కండ్లు తిరిగి పక్క బల్ల మీద పడ్డడు. ఆయనకు గ్లూకోజు నీళ్ళు తాగిచ్చి లేపెటాల్లకు ఇంకో అర్ధగంట పట్టింది.

అప్పుడు పక్క రూముల ఆ పిల్ల కడుపు మీద నేను పట్టీ వేసిన. ఆమె ముసిముసి నవ్వుతాంది. ఇద్దరికి అన్ని జాగ్రత్తలు చెప్పిన. మూడు నెలల దాక నిరోధ్ వాడాలె, తర్వాత టెస్టు చేయించుకోవాలె, అప్పుడే ఫికర్ లేనట్టు. ఆయన రెండు రోజులు పండుకోవాలె, వారం దాక సైకిల్ తొక్కద్దు, బరువు లేపద్దు. ఆటోల ఇంటి ముంగట దిగంగనే ఆ పిల్ల కడుపు పట్టుకోని, అమ్మా అయ్యా అనుకుంట ఎంత మంచిగ నడిచిందంటె నాకే అనుమానం వచ్చింది, ఇద్దరిల ఎవలకు చేసిన్రో అని. మొగడు వెనుక కాళ్ళు ఎడం పెట్టుకోని దిగిండు. ఎవ్వలు చూడలే, అందరి కండ్లు ఆమె మీదనే.

నేను చెయ్యని లెక్క ఒకటున్నది. పండుకునేదానికి హక్కు పట్టీ ఉన్నోళ్ళకే వస్తదని నాకు తట్టలే. రెండోనాడు పోయి చూస్తె కోడలు మంచం మీద మెత్తకు ఒరుగుకోని ఉన్నది. గల్లీ ఆడోళ్ళు సుట్టు కూసున్నరు. ఒకామె బ్రెడ్డు తెచ్చింది, ఒకామె దానిమ్మ పండ్లు తెచ్చింది. అత్త గిన్నె నిండ పాయ శోరువ కాచి గిలాసల పోసి ఇస్తాంది. కొడుకు ఏడి అంటె మగ్గం మీద! "పెండ్లాం మంచాన పడె, నువ్వన్న ఇంత పని చెయ్యి" అని పొద్దున్నే ఎక్కించిందట. పలక తొక్కినప్పుడల్ల పండ్లు గట్టిగ కొరుకుతాండు.

"దిగు బిడ్డా" అన్న మెల్లగ.

"ఏమని చెప్పి దిగాలె మేడం?"

అత్త నా దగ్గరికి వచ్చి, "చూసినవా నర్సమ్మా, ఆపరేషన్ దానికైతె కుంటుడు వీనికి. పెండ్లామంటె గంత పానం" అన్నది. గల్లీ ఆడోళ్ళంత నవ్విన్రు. నేను గూడ నవ్విన, అంతకంటె పాడు నవ్వు నా జన్మల నవ్వలే. దర్వాజ సాటుకు ఆ పిల్ల తన గిలాసల శోరువ మొగనికి ఇయ్యబోతె, అత్త చూసి, "నువ్వు తాగవే, వానికేమాయె, గుండ్రాయి లెక్కున్నడు" అని మళ్ళ ఆమెకే తాగిపిచ్చింది.

మూడోనాడు పొద్దున పదింటికి నా ఫోన్ మోగింది. అత్త గొంతు. "నర్సమ్మా, జర ఇంటికి రా. ఒక్కదానివే రా." అంతే, పెట్టేసింది.

స్కూటీ మీద పోతాన గని రోడ్డు కనపడ్తలేదు. పిలగానికి ఏమన్న అయితదని ఒక భయం, ఆమె గల్లీ అంతట్ల గొడవ పెడ్తదని ఒక భయం, నా నౌకరీ పోతదని ఇంకో భయం. పోయేసరికి మగ్గం సప్పుడు లేదు. అత్త దర్వాజ దగ్గరేసి లోపటికి తీస్కపోయింది. కోడలు పిల్లకు గోరువెచ్చటి నీళ్ళతోటి పెయ్యి తుడుస్తాంటె నా ప్లాస్టర్ ఊడి వచ్చిందట. దూది తెల్లగ, మల్లెపువ్వు లెక్కున్నది. దాన్ని అరచేతిల పెట్టుకోని నా మొకం ముంగట పట్టింది.

"ఇద్దరిల ఎవలకు కోసిన్రు?"

"అక్కా, జర నా మాట..."

"ఎవలకే అక్కను? నీకన్న చిన్నదాన్ని. అడిగినదానికి చెప్పు."

కొడుకు చాప మీద గోడకు ఒరిగి కూసున్నడు, మొకం వాడిపోయింది. కోడలు వాని పక్కకు కూసోని ఏడుస్తాంది. ముందు వాన్ని చూడనియ్యమన్న. వాచింది, కమిలింది. డాక్టరమ్మకు ఫోన్ చేసిన. జరం లేదు, రక్తం లేదు, గాబరా పడేది లేదన్నది. ఐసు పెట్టుమన్నది, గోలీలు చెప్పింది, వారం దాక ఆ మగ్గం దిక్కు చూస్తె కాళ్ళు ఇరగ్గొడ్త అని చెప్పుమన్నది. నాకు పానం లేచి వచ్చింది.

అప్పుడు కూసోని మొత్తం చెప్పిన. గుండె ముచ్చట, మత్తు గండం, ఇంకో కడుపొస్తె ఏమయితది, నేను ఎందుకు అబద్ధమాడిన, అన్ని. తిడ్తదేమొ, కొడ్తదేమొ అని చూస్తాన. ఆమె తిట్టలే. ఒక్కొక్కటి అడుగుడు షురూ చేసింది.

"కుట్లెన్ని?"

"కుట్లు లేవు."

"ఎంత సేపు?"

"పావుగంట."

"ఇది కొత్తగ వచ్చిందా?"

"కాదు, మొగోళ్ళ ఆపరేషన్ చాన ఏండ్లసంది ఉన్నది. అప్పుడు ఒకటి రెండు కుట్లు పడేవి, గంతే."

"నేను చేయించుకున్ననాడు ఉండెనా?"

లేదని చెప్పబుద్ధయింది పిల్లలూ. నోటి దాక వచ్చింది. గని అప్పటికే ఆ ఇంట్ల నేను ఆడిన అబద్ధం చాలు. "ఉండె" అన్న.

"నన్ను తోల్కపోయింది నువ్వే" అన్నది.

ఎప్పుడని అడిగిన.

"జీపుల నా పక్కకే కూసున్నవ్. తెల్లచీర, సన్నగ ఉండేటిదానివి. నేను భయపడ్తాంటె తొవ్వ పొడుగుత నా చెయ్యి పట్టుకున్నవ్. మంచిదానివి అనుకున్న. మూడోనాడు లేచి కండెలు చుట్టిన, కుట్టు పిగిలింది. ఇప్పటికి ముసురు పడ్డదంటె గుంజుతది. మా ఆయన ఆ రోజు ఇగో, నువ్వు కూసున్న కాడికి గింతంత దూరంల మగ్గం మీద ఉండె. నువ్వు వచ్చినవ్, నాతోటి మాట్లాడినవ్, కాయితం మీద ఆయన సంతకం తీస్కున్నవ్, నన్ను తోల్కపోయినవ్. ఆయనను ఒక్క మాట, ఒక్కటంటె ఒక్క మాట అడగకపోతివి గదనే!"

నాకు ఆమె యాదికి లేదు. ఎంత గుర్తు చేసుకున్నా రాలే. ఆ ఏడు చాన మందిని తోల్కపోయిన. బాగ పనిచేస్తదని మీటింగుల నిలవెట్టి చప్పట్లు గూడ కొట్టిచ్చిన్రు నాకు. ఆ చప్పట్లల్ల ఈమె పిగిలిన కుట్టు ఉన్నదని నాకెవలు చెప్తరు? కండ్లెంబడి నీళ్ళు కారినయ్. "తప్పయింది చెల్లె" అన్న. ఇంకేం అనాలె?

"ఏడ్చుడు ఆపి, ఆ పట్టీ మళ్ళ అంటియ్యి" అన్నది.

"దేనికి?"

"మధ్యాహ్నం గల్లీ ఆడోళ్ళు మళ్ళ వస్తరు. దాని వారంల ఇంక నాలుగు రోజులున్నయ్. ఈ ఇంట్ల ఆడిది పగటీలి పండుకున్నది నేను ఇంతవరకు చూడలే, ఇప్పుడన్న చూస్త. వీన్ని లోపటి అర్రల పండపెడ్త."

"మగ్గం సప్పుడు ఆగితె అడుగుతరు గదత్తా?" అన్నది కోడలు, ముక్కు తుడుచుకుంట.

"ఎందుకాగుతది?" అని ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకోని, గుంటలకు కాళ్ళు దించి కూసున్నది. నూలు మోసే నాడె ఇటు అటు ఉరికింది. నేను తెల్లబోయి చూస్తాంటె, "ఏంది చూస్తవ్? ముప్పై ఏండ్లు పక్కకు కూసోని కండెలు ఇచ్చిన, ఆ మాత్రం రాదా?" అన్నది. కొడుకు గూడ నోరు తెరుచుకోని చూస్తాండు. అమ్మకు నేసుడు వచ్చని ఆ పిలగానికి ఆ రోజే తెలిసింది.

మూడు నెలలకు టెస్టు మంచిగ వచ్చింది. ఆ పిల్ల గుండె మందులు వాడుకుంట, పిల్లలను బడికి పంపుకుంట ఇప్పటికి మంచిగున్నది. గని నేను చెప్పాల్సింది ఆ రోజే ఇంకొంచెం ఉన్నది.

నేను పట్టీ అంటించి లేస్తాంటె అత్త మగ్గం మీది నుంచే అడిగింది, "ఆపరేషన్‌కు పక్కింటి కోడలు పేరు గూడ రాసుకున్నవట గద. మొగన్ని అడిగినవా?"

"లేదు."

"మరి?"

చెప్పులేసుకోని సీద పక్కింటికి పోయిన. అన్నేండ్లు ఏ దర్వాజ కొట్టినా "ఉన్నవా బిడ్డా" అనే పిలిచిన. మొదటిసారి "మీ ఆయన ఉన్నడా?" అని అడిగిన. ఆమె కంగారుపడి, ఉన్నడన్నది. ఆయనకు ఇనపడేటట్టు గట్టిగనే ముచ్చట షురూ చేసిన. రెండు మాటలు చెప్పిన్నో లేదో, వెనుక దర్వాజ ధడేల్మన్నది. మనిషి చెప్పులు గూడ వేసుకోకుంట గల్లీల పడి ఉరుకుతాండు. ఆమె మొదలు బిత్తరపోయింది, తర్వాత పడి పడి నవ్వింది.

గల్లీ మూల మీద మా మేల్ అసిస్టెంట్ దోమల సర్వే చేస్తాండని నాకు ఎరుకే. ఫోన్ చేసి, "అటే వస్తాండు, పట్టుకో. ఈసారి నువ్వు చెప్పకపోతె నాతోటి మాట్లాడకు" అన్న. పట్టుకున్నడట. చాయ్ హోటల్‌కు తీస్కపోయిండట. గంటైనంక సెంటర్‌కు వచ్చి, నా ముంగట కుర్చీల కూలవడ్డడు.

"చెప్పినవా?"

"చెప్పినక్కా. మొత్తం చెప్పిన. కుట్లు ఉండవని చెప్పిన, పావుగంటనే అని చెప్పిన, వారమైనంక మగ్గం గూడ తొక్కచ్చని చెప్పిన."

"శభాష్. ఏమన్నడు?"

"అంత విన్నడు. విని, 'సార్, మరి మీరు చేయించుకున్నరా?' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

మావోడు రుమాలు తీసి మొకం తుడుచుకున్నడు.

"ఏమంటనక్కా, ఇంకో చాయ్ చెప్పిన."